కిరసనాయిలు గరాట్ల సైలెన్సరు

మొన్న మా ఇంటామె అటక దులిపి, పాత ఇనుప సామాన్లాయన్ని వాకిట్లోకి పిలిచి ఒక్కొక్కటే తక్కెడకు ఎక్కిస్తాంటే, నేను షాపు నుంచి అన్నానికి వచ్చినాను. ఓటి బిందె పోయింది, ఊచలూడిన కిటికీ పోయింది, మూడుకాళ్ల కుర్చీ పోయింది. దేనికీ నేను అడ్డం చెప్పలేదు. ఆ తర్వాత తక్కెడలోకి ఒక నల్లటి గొట్టం వచ్చింది. మూరెడు పొడుగు, రెండు కొసలా సన్నం, నడుమ లావు, ఎలుకను మింగి పడుకున్న పాము మాదిరి ఉంటుంది. చెప్పులు కూడా విడవకుండా పోయి దాన్ని తీసి చంకలో పెట్టుకున్నాను. "అది దేనికి పనికొస్తాది?" అని అడిగిందామె. "దేనికీ రాదు" అన్నా. "మరి ఈయ్యి." "ఈయను." సామాన్లాయన ఆమెను చూసి, నన్ను చూసి, "మీరు తేల్చుకోండన్నా, నేను పక్కింటికి పోయొస్తా" అని తోపుడుబండి కదిలించినాడు. తెలివైన మనిషి.

ఆ గొట్టం ఒక బొమ్మకారుకు సైలెన్సరు. బొమ్మకారంటే తిరునాళ్లలో తాడుకు వేలాడదీసి అమ్మే ప్లాస్టిక్కు సామాను అనుకోవద్దు. ఎత్తుకుంటే రెండేండ్ల పిల్లోడంత బరువు. లోపల నిజం ఇంజను, నిజం పెట్రోలు, నిజం పొగ. చేతిలో రిమోటు పట్టుకుని మనం నిలబడితే అది మన ముందర రోడ్డంతా మనదే అన్నట్టు పోతాది. నలభై దాటినాక కూడా ఆళ్లగడ్డలో నా షాపు బల్ల మీద అట్లాంటిది ఒకటి విప్పి పెట్టే ఉంటుంది. "ఇంకా ఆ ఆటలేందన్నా, పిల్లోని మాదిరి" అని అడిగేవాళ్లు అడుగుతానే ఉంటారు. వాళ్లకు మర్యాదగా జవాబు చెప్పి చెప్పి విసుగొచ్చింది. అందుకని ఈసారి మర్యాద పక్కన పెట్టి రాస్తున్నా.

మాది శిల్పం చెక్కే ఇల్లు. మా వీధిలో పొద్దున లేస్తే కోడికంటే ముందు కొలిమి కూసేది. నాయన బొగ్గుల్లో ఉలి మొనలు ఎర్రగా కాల్చి, సుత్తితో సాగ్గొట్టి, నీళ్ల తొట్టిలో ముంచితే చుయ్యిమని వచ్చే ఆ శబ్దానికే నాకు మెలకువ. కాలిన ఇనుము, తడిసిన రాతిపొడి, అమ్మ వేయించే శెనక్కాయలు, మూడూ కలిసిన వాసన ఒకటుంటుంది. దానికి పేరు లేదు, మా ఇల్లు అనే అంటాను. అమ్మ దుమ్ము లేవకుండా పొద్దుగూకులూ నీళ్లు చల్లతానే ఉండేది, అది లేస్తానే ఉండేది. జొన్నరొట్టెలో రాతిపొడి, నంజుకునే ఊరిమిండి పచ్చడిలో రాతిపొడి. మా ఇంటి మగోళ్లందరూ సాయంత్రానికి తల నెరిసిన ముసలోళ్లయి, స్నానం చేసి మళ్లా వయసుకొచ్చేవాళ్లు. మా అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, అరుగు మీద కూర్చుని వక్కాకు నములుతా దారిన పోయే వాళ్లందరికీ ఏదో ఒక పేరు పెట్టేది. ఆమె పెట్టిన పేర్లతోనే మా వీధిలో ఇప్పటికీ కొందరు బతుకుతాండారు.

నాయనకు ఒక అలవాటు. బండ ఇంటికొస్తే దాని చుట్టూ తిరిగి చిన్న సుత్తితో తట్టి, చెవి పెట్టి వింటాడు. గంట మాదిరి మోగితే మంచి రాయి, దేవునికి పనికొస్తాది. దబ్ దబ్‌మంటే లోపల యాడో పగులుంది, ఎంత చెక్కినా ఒకనాటికి విడిపోతాది. ఈ తట్టేది రాయితో ఆగలేదు. నీళ్ల కుండను తట్టేవాడు, కలింగర కాయను, అదే పుచ్చకాయను, తట్టేవాడు, కొత్తగా కట్టిన ఇండ్ల గోడలను తట్టి ఇంటాయన మొఖం మాడ్చేవాడు. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసి వచ్చిన రోజు నా నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి, చెవి పెట్టినట్టు చేసి, "పగులుంది" అన్నాడు. అవ్వ పడి పడి నవ్వింది. నేనూ నవ్వినాను. కానీ బడికి పోలేదు, ఉలీ పట్టలేదు.

ఉలి ఎందుకు పట్టలేదంటే, నాకు కదిలే వస్తువు కావాల. దేవుడు కూడా ఊరేగింపు రోజు కదుల్తాడు, మా నాయన చెక్కిన రాయి కదలదు. బస్టాండు వెనక ఒక రేకుల షెడ్డులో రైతులు వీపుకు తగిలించుకుని పత్తికి మందు కొట్టే పంపులు రిపేరు చేసేది నేర్చుకుని, మీసాలొచ్చేసరికి ఆ షెడ్డుకు నేనే యజమానినయినా. నాయన దీన్ని జ్వరం కింద లెక్కేసినాడు. వచ్చింది, పోతాది, పోయినాక పిల్లోడు వచ్చి రాయి ముందర కూర్చుంటాడు అనుకున్నాడు.

అప్పుడు వచ్చినాడు బాషా అన్న. నంద్యాలలో ఆయనకు వడ్ల మిల్లు. మా షాపుకు పంపులు రిపేరుకు తెచ్చే గిరాకీ. ఒకరోజు జీపులోంచి దుప్పట్లో చుట్టిన మూటను రెండు చేతులా ఎత్తుకుని దిగినాడు. ఎవరికో ఒంట్లో బాగాలేదేమో, ఈడికెందుకు తెచ్చినాడని నేను హడలిపోయినా. దుప్పటి తీస్తే కారు. ఆయన బామ్మర్ది దుబాయి నుంచి తెచ్చినాడంట. "చూడప్పా, ఇది నీ పంపు ఇంజను మాదిరే ఉండాది గదా" అన్నాడు. విప్పి చూస్తే నిజమే. రైతు వీపు మీద గుర్రుమనే ఇంజనుకు ఇది తోబుట్టువు. నంద్యాలలో ఇట్లాంటి కార్లు పెట్టుకున్నోళ్లు కొందరు ఉన్నారని, ఆదివారం ఆదివారం తన మిల్లు కల్లంలోనే పందెం ఆడతారని, విత్తనాల షాపు మధు అనే ఆయన విదేశాల నుంచి సామాన్లు తెప్పించి బిగించి ప్రతిసారీ గెలుస్తాడని చెప్పుకొచ్చినాడు. "వాడు గెలిస్తే గెలిచినాడు. గెలిచి నా భుజం మీద చెయ్యేసి 'పోనీలే బాషా' అంటాడు సూడు, అది నాకు సగిస్తా లేదు. ఆ రోజు బిరియాని కూడా గొంతు దిగదు. వాని మొఖం ఒక్కసారి వాడిపోవాల. నీతో అయితాదా?" అన్నాడు. అయితాదో లేదో నాకు తెలీదు. "అయితాది" అన్నా.

ఇంజను ఉన్నదున్నట్టుగా ఉంటే పోయేంత పోతాది. ఇంకా పోవాలంటే దాన్ని యాడ ఎవరు పట్టుకున్నారో చూసి ఒక్కొక్కరినీ విడిపించాల. ముందు పండ్ల చక్రం, అదే గేరు, మార్చినా. ఇంజను పక్క చక్రం కొంచెం పెద్దదైతే టైర్లు ఎక్కువ తిరుగుతాయి. లేతు మిషనులో దాన్ని చేయించి, ఇంజనుకున్న బరువు చక్రాన్ని కూడా చెక్కించి పలచన చేసినా. క్లచ్చులో స్ప్రింగులు గట్టివి వేసినా, ఇంజను బాగా ఊపందుకున్నాకే టైర్లను పట్టుకునేటట్టు. ఇంక మిగిలింది సైలెన్సరు. మధు కారు సైలెన్సరు పెట్టె మీద ఏదో దేశం పేరుందంట. బాషా అన్న దాని ఆకారం గాలిలో గీసి చూపించినాడు, సన్నంగా మొదలై లావై మళ్లా సన్నమైతాది అని. నాకు వెంటనే మా ఇంటి గరాటు గుర్తొచ్చింది. రెండు గరాట్లు నోటికి నోరు పెట్టి ఇత్తడి పోసి అతికిస్తే అదే కదా. ఒకటి మా ఇంటిది, రెండోది మా పిన్నమ్మ వాళ్లది. ఆ నెల రేషను కిరసనాయిలు వచ్చినప్పుడు అవ్వ వెతికి వెతికి షాపుకే వచ్చి, కారు పొట్ట కింద తన గరాటును గుర్తుపట్టింది. "కిరసనాయిలు యాట్ల పోసుకోవాల్రా ఇప్పుడు, నీ నోట్లోంచా?" అని అడిగింది. "నా నోరు ఓటిది అవ్వా, కారిపోతాది" అన్నా. "అది నిజమే" అని కూర్చుని, దాన్ని స్టార్టు చేసి చూపించమనింది.

ఆదివారాల్లో బడి మైదానంలో దాన్ని పరిగెత్తించి చూసేవాణ్ని. చదువుకునే రోజుల్లో ఎగ్గొట్టిన బడికి ఇప్పుడు ఒక్క వారం తప్పకుండా పోయినా. గరాట్ల గొట్టాన్ని వేలెడు కోసి చూడటం, మళ్లా అతికించి చూడటం, ఏ పొడుగు దగ్గర ఇంజను వెనకనుంచి ఎవరో తోసినట్టు ఉరుకుతాదో పట్టుకోవడం. అదంతా ఎవరూ నేర్పింది కాదు. తప్పులు చేసుకుంటా పోయినా, తప్పు కాందే మిగిలింది.

ఇంతలో నాయనకు అహోబిలం దగ్గర నుంచి పెద్ద పని వచ్చింది. వరసగా విగ్రహాలు చెక్కాల, ఒక్క చెయ్యి చాలదు. ఆ రాత్రి అన్నం కాడ మాట మొదలైంది.

"రేపటి నుంచి రా. రాయి చూపిస్తా."

"నాకు షాపుంది నాయనా."

"షాపా అది. ఊర్లో పురుగులు సచ్చిపోతే నీ షాపు సచ్చిపోతాది."

"పురుగులు సావవు. దేవుడు పుట్టించినాడు, ఆయన్నడుగు."

అమ్మ కంచాలు తీసేసింది, ఎగిరితే సొట్టలు పడతాయని. చివరికి అవ్వ తీర్పు చెప్పింది. "ఆ బండి నంద్యాలలో గెలిస్తే వాన్ని వాని దారిన వదిలెయ్. ఓడితే వాడొచ్చి ఉలి పడ్తాడు. ఇంక నన్ను పండుకోనీండి." మా ఇంట్లో మాట ఇచ్చేదానికి ఒక పద్ధతుంది. ఇంకా ఉలి తగలని బండ మీద అరచెయ్యి పెట్టి చెప్పాల. ఆ బండ ఏ దేవుడైతాదో ఎవరికీ తెలీదు కాబట్టి ఏ దేవుడికీ అబద్ధం చెప్పడానికి కుదరదని నాయన లెక్క. పెట్టినా. చల్లగా ఉంది. ఒక్క కారు మీద నా బతుకంతా పెట్టినానని అప్పుడు తోచలేదు. గెలుస్తామనే నమ్మకంలో ఉన్నోనికి బండ చల్లదనం ఒక్కటే తెలుస్తాది.

పందానికి రెండు రోజుల ముందు, ఇంటి వాకిట్లో కారును పీట మీద ఎత్తిపెట్టి, టైర్లు గాల్లో తిప్పుతా చివరి సవరింపు చేస్తాండా. కార్బొరేటరుకు ఒక స్క్రూ ఉంటుంది, పెట్రోలు ఎంత పోవాలో అది చెప్తాది. కొంచెం బిగిస్తే ఇంజను గొంతు సన్నమైంది. ఇంకొంచెం బిగిస్తే గరగర పోయి నున్నగా అయింది. ఇంకొంచెం బిగిస్తే కంచు గంటే. వీధిలో సుత్తులు ఆగిపోయినాయి. నాయన ఉలి చేతిలో పట్టుకునే వచ్చి నిలబడినాడు, తల కొంచెం పక్కకు వంచి. "నాదం బాగుంది" అన్నాడు. నా పని గురించి ఆయన అన్న మొదటి మంచి మాట అది. ఆ మాట కోసం ఇంకొక వెంట్రుకవాసి బిగించినా. తండ్రీకొడుకులం ఇద్దరం కండ్లు మూసుకుని ఆ గంట వింటాంటే టక్‌మనింది, అంతే. టైర్లు ఉన్నచోట నిలబడిపోయినాయి.

లోపల పిస్టను పట్టేసింది. వేరే ఇంట్లో పుట్టినోడెవడైనా ఆ గొంతు సన్నబడగానే భయపడి ఆపేసేవాడు. మేము మాత్రం మోగింది కాబట్టి మంచిదనుకున్నాం. రాయి మోగితే అది ఆరోగ్యం. ఇంజను మోగితే అది దాహం, పెట్రోలు చాలక, అందులో కలిపిన ఆయిలు చాలక, లోపల కాలిపోతా పెట్టే కూత. మా నాయన చెవిలో తప్పు లేదు. ఆ చెవిని తెచ్చి ఇనుముకు తగిలించడమే వచ్చిన చిక్కు. నాయన లోపలికి పోయినాడు. గెలిచినట్టు కూడా లేదు ఆయన మొఖం.

పాతసామాన్లలో పడేసిన పంపు పిస్టను ఒకటి తీసి పెడితే అచ్చు గుద్దినట్టు సరిపోయింది. సిలిండరు గోడలకు అంటుకున్న లోహాన్ని, నాయన విగ్రహాలకు నునుపు పెట్టే రాయితో అడక్కుండానే అరగదీసినా. ఈసారి స్క్రూ వదులు చేసి, గొంతు గరగరలాడుతుండగానే ఆపినా. వినడానికి జలుబు చేసినట్టుంది. ఉండనీ అనుకున్నా.

ఆదివారం నంద్యాల బస్సెక్కితే నాయన కూడా ఎక్కినాడు. "నువ్వెందుకు?" అంటే "ఓడేది నా కండ్లతో చూడాల" అన్నాడు. మిల్లు కల్లం పెద్ద సిమెంటు నేల. వడ్లు ఎత్తేసి ఊడ్చినారు, ఊక నింపిన గోతాలు మలుపుల్లో పేర్చినారు. మధు మంచి షర్టులో ఉన్నాడు. మా కారు కింద వంగి చూసి, "గరాట్లు కదప్పా ఇవి. కిరసనాయిలు పోస్తారా దీంట్లో?" అన్నాడు. "పోస్తాం. మీకు రేషను కార్డుందా?" అన్నా. "పంపు రిపేరు చేసేవాడంట గదా నువ్వు. నా కారుకు మందు కొడ్తావా?" అన్నాడు. "పురుగు పట్టిందేమో చూసి చెప్తాలే" అన్నా. బాషా అన్న నవ్వు ఆపుకోలేక గోతం మీద కూర్చుండిపోయినాడు. బాషా అన్న రిమోటు నా చేతికే ఇచ్చినాడు. స్టార్టు చేసినాక నాయన నా పక్కకొచ్చి, "గొంతు పగిలిందిరా దానికి" అన్నాడు. "పగలనీ నాయనా. ఈడ పగిలిందే బతుకుతాది."

బతికింది. పొడుగు దారిలో గరాట్లు ఊపందుకున్నప్పుడు మా కారు వెనక ఎవరో కాలెత్తి తన్నినట్టు పోయింది. ఆ దేశం పేరు రాసిన సైలెన్సరు పక్కనుంచే, దాని మొఖాన ఊక కొట్టుకుంటా దాటిపోయింది. మధు చేతిలో రిమోటు కిందికి దిగడం చూసినా. బాషా అన్న లేచి నిలబడినాడు. ముందు మేమే, ఆఖరి చుట్టు వరకూ మేమే. ఆఖరి మలుపులో వేగం తగ్గించాల. నా వేలు తగ్గించలేదు. ఇప్పుడు మళ్లా ఆడమన్నా తగ్గించను. కారు ఒక పక్క లేచి, రెండు టైర్ల మీద కొంచెం దూరం పోయి, బోర్లా పడి, కాళ్లు గాల్లో పెట్టుకుని గరగర అరుస్తానే ఉంది. మధు కారు పక్కనుంచి మెల్లగా పోయి గెలిచింది. ఆయన వచ్చి బాషా అన్న భుజం మీద చెయ్యేసినాడు గానీ మాట రాలేదు. బాషా అన్న నా వైపు తిరిగి, "వాని మొఖం వాడింది చూసినావా? నాకు చాలప్పా" అన్నాడు. ఆయనకు చాలింది. బండ మీద చెయ్యి పెట్టింది నేను.

బస్సు ఎక్కే ముందు ఇప్పటి సంగతి కొంచెం చెప్పుకోవాల. ఇప్పుడు మా షాపుకు బ్యాటరీ కార్లు వస్తాయి. సెల్‌ఫోను ఛార్జింగు పెట్టినట్టు పెడ్తారు, అవి నా పెట్రోలు కారు కంటే బిరీన పోతాయి. నిజం నిజమే, దాంట్లో మొగమాటం లేదు. వాసన లేదు, పొగ లేదు, గొంతు లేదు. వేగం కావాలంటే స్క్రూ తిప్పే పనే లేదు, ఫోనులో ఒక గీతను పైకి జరిపితే చాలు. మా వీధిలో కూడా ఉలి దెబ్బలు తక్కువయినాయి, కరెంటు కోత మిషన్లు అరుస్తాండాయి. విగ్రహాలు తొందరగా తయారైతాండాయి, అందంగానే ఉండాయి. అప్పుడే బాగుండేదని నేను ఏడవను. అప్పుడు రాతిపొడి తిని దగ్గినోళ్లం మేమే. కానీ ఒక గీతను జరిపిన పిల్లోనికి తన కారు ఎందుకు బిరీన పోతాందో తెలీదు, ఎందుకు ఆగిపోయిందో అసలే తెలీదు, నా దగ్గరికి తెస్తాడు. నేను విప్పి చూపిస్తే వాని కండ్లు పెద్దవైతాయి. అందుకే నా బల్ల మీద పెట్రోలు కారు తియ్యను. బువ్వ పెట్టిందా అని అడిగితే, పెట్టలేదు. బువ్వ పెట్టినవన్నీ నాకు గుర్తుండాయా?

ఆళ్లగడ్డ బస్సులో కారు నా ఒళ్లో ఉంది, బాగు చేసి పెట్టమని బాషా అన్న ఇచ్చినాడు. పెట్రోలు వాసనకు ముందు సీటు ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నాయన కిటికీలోంచి శెనగ చేండ్లు చూస్తా కూర్చున్నాడు.

"రేపు పొద్దున రా."

"రాను నాయనా."

"బండ మీద చెయ్యి పెట్టినావు."

"పెట్టినా. గెలుస్తానని పెట్టినా. ఓడతానని తెలిసుంటే చెయ్యి జేబులోనే ఉండేది."

"మాట తప్పినోడంటారు నిన్ను."

"అననీ. ఉలి పట్టుకుని తిట్టుకుంటా చెక్కితే నీ దేవునికి ముక్కు వంకర పోతాది. మాట తప్పిన కొడుకు మేలా, ముక్కు వంకర దేవుడు మేలా, నువ్వే చెప్పు."

ఆయన మళ్లా కిటికీ వైపు తిరిగినాడు. బస్సు ఊరి దగ్గరికి వచ్చేటప్పుడు, ఎవరినో అడిగినట్టు, "ఆ మలుపులో ఎందుకు పడింది?" అన్నాడు.

"వేగం ఎక్కువైంది."

"వేగం కాదు. బరువు పైనుంది, పీఠం చాలలేదు. నిలబడిన విగ్రహానికి పీఠం తక్కువ పెడితే గాలికి కూడా పడతాది" అని, దిగి ముందర నడిచినాడు.

ఆయన చెప్పింది నిజమని ఆయనకు చెప్పలేదు. మర్నాడు పొద్దున షాపు తెరిచి, కారు టైర్లు ఊడదీసి, ఇరుసులను రెండు పక్కలా బయటికి సాగదీసే పని మొదలుపెట్టినా. ఎండ షెడ్డులోకి వచ్చేసరికి నాయన వచ్చినాడు. చేతిలో గుడ్డలో చుట్టిన ఉలులు, కొత్తగా పదును పెట్టినవి, నా కోసం. చుట్టుపక్కల షాపులోళ్లు పని ఆపి చూస్తాండారు.

"ఏం చేస్తాండావ్?"

"పీఠం పెంచుతాండా."

వంగి చూసినాడు. టైరును వేలితో తట్టబోయి ఆగినాడు. "ఎంత?"

"రెండు పక్కలా వేలెడు."

"చాలదు. రెండు వేళ్లు పెట్టు" అని, ఉలుల మూటను మళ్లా చంకలో పెట్టుకుని వచ్చిన దారినే పోయినాడు. ఆ తర్వాత నన్ను రాయి దగ్గరికి రమ్మని అడగలేదు. అడిగినా పోయేవాణ్ని కాదు. ఆయన మలుపు తిరిగినాక కొలిచి చూసుకున్నా. ఒకటిన్నర చాలు. ఒకటిన్నరే పెట్టినా.